హైస్కూల్ పిల్లలకు వ్యాసం నేర్పే ట్యూటర్‌ను ఎలా వెతకాలి? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

లెక్కలకు, సైన్సుకు ట్యూషన్ చెప్పేవాళ్లు నల్లగొండలో ఏ గల్లీలోకి వెళ్లినా దొరుకుతారు. మహబూబ్‌నగర్‌లోనూ అంతే. వ్యాసం రాయడం ఎవరు నేర్పుతారని అడిగితే మాత్రం ఎవరూ ఒక పేరు చెప్పలేరు. "పాప లెక్కల్లో బాగానే ఉంది సార్, పెద్ద ప్రశ్న వస్తేనే నాలుగు లైన్లు రాసి పెన్ను పక్కన పెడుతుంది. ఎవరి దగ్గరికి పంపాలి?" అని ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

కింది మెట్లు ఇదే వరుసలో చేయండి. మొదటి మెట్టు దాటేసి ఫోన్ నంబర్ల కోసం పరుగెత్తితే, దొరికిన సార్ మంచిగా చెబుతున్నారో లేదో తేల్చుకునే ఆధారం మీ చేతిలో ఉండదు.

## 1. ముందు పిల్లలతో ఒక కాగితం రాయించండి

ఆదివారం పొద్దున, ఇంట్లో సందడి తక్కువగా ఉన్నప్పుడు, ఒక లాంగ్ నోట్‌బుక్ కాగితం ఇచ్చి కూర్చోబెట్టండి. గైడు, ఫోన్ పక్కన ఉండొద్దు. టైం నలభై నిమిషాలు.

అంశం గైడులో దొరకనిది ఇవ్వండి. "పర్యావరణ పరిరక్షణ" అంటే ఎక్కడో చదివిన పేరా దించేస్తారు. "మా వాడకు నీళ్లు ఎట్లా వస్తాయి", "మా ఊరి అంగడి", "మా ఇంటి పక్క నుంచి బొంబాయికి వలసపోయిన కుటుంబం", "బతుకమ్మ నాడు మా గల్లీ" లాంటివి ఇస్తే పిల్లల సొంత రాత బయటపడుతుంది.

రాస్తున్నప్పుడు పక్కన నిలబడకండి. స్పెల్లింగ్ అడిగినా చెప్పకండి. అయిపోయాక కాగితం మీద తేదీ వేసి దాచండి. సరిదిద్దకండి. ట్యూటర్‌ను పరీక్షించేది ఈ కాగితంతోనే.

ఇప్పుడు కాగితంలో ఇబ్బంది ఎక్కడుందో చూడండి. సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటో రెండో కనిపిస్తాయి.

చెప్పడానికి ఏమీ లేదు. ఐదారు వాక్యాలకే ఆగిపోయింది. అన్నీ "చాలా ముఖ్యం", "మన బాధ్యత" లాంటి మాటలే. ఈ పిల్లలకు గ్రామర్ క్లాసు వల్ల ఉపయోగం లేదు. ప్రశ్నలు అడిగి మాట్లాడించే మనిషి కావాలి.

సంగతులున్నాయి, వరుస లేదు. అంగడి గురించి మొదలై, మేనమామ ఇంటికి పోయి, మళ్లీ అంగడికి వచ్చింది. రాయడానికి ముందు పాయింట్లు వేసుకోవడం, పేరాలు విడగొట్టడం నేర్పితే ఇది త్వరగానే దారికొస్తుంది.

వరుస ఉంది, భాష తడబడుతోంది. తెలుగులోనైతే ఒత్తులు, దీర్ఘాలు, శ-ష-స, ణ-న, ల-ళ తేడాలు, "పిల్లలు వచ్చింది" లాంటి పొంతన లేని క్రియలు. ఇంగ్లిష్‌లోనైతే ఒకే పేరాలో నిన్నటి సంగతి, రోజూ జరిగే సంగతి కలిసిపోవడం, వాక్యానికి క్రియ లేకపోవడం. దీనికి ఓపికగా కాగితం దిద్దేవాళ్లు కావాలి, టైం కూడా ఎక్కువ పడుతుంది.

నోటితో బాగా చెబుతారు, చేత్తో రాయలేరు. చేతిరాత మెల్లగా ఉండటం, టైం చాలకపోవడం. దీనికి ట్యూటర్ కంటే ఇంట్లో రోజూ పదిహేను నిమిషాల రాత పని చాలు. బోర్డు మీది అక్షరాలు సరిగా కనబడటం లేదేమో ఒకసారి కళ్లు కూడా చూపించండి.

ఇంకో మాట. పిల్లలు "పోతున్రు", "జేశిన", "గట్ల" అని రాస్తే అది తెలివితక్కువతనం కాదు. ఇంట్లో మాట్లాడే భాషే చేతికి వచ్చింది. పరీక్ష కాగితంలో ఏ రూపం రాయాలో చెప్పాలి, అంతే. సంభాషణ రాయమన్నప్పుడు అదే యాస అందంగా ఉంటుంది కూడా. మన యాసను చూసి నవ్వే ట్యూటర్‌ను ఎంత పేరున్నా పక్కన పెట్టండి. నవ్వుతారని తెలిసిన పిల్లలు ఆ తర్వాత సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయరు.

## 2. బడిలో సార్‌ను కలవండి

కాగితం తీసుకుని పేరెంట్స్ మీటింగ్ రోజునో, మధ్యాహ్నం బెల్లు టైంలోనో తెలుగు సార్‌ను, ఇంగ్లిష్ మేడంను కలవండి. ఇవి అడగండి:

- పోయిన ఎస్‌ఏ (టర్మ్ చివరి) పరీక్షలో మా బాబుకు ఏ ప్రశ్నల దగ్గర మార్కులు పోయాయి?
- వ్యాసమే కష్టమా? లేఖ, కరపత్రం, సంభాషణ, డైరీ, వార్త కూడానా?
- ఈ ఏడాది పేపర్ నమూనా ఏమిటి?
- వారానికి ఒక కాగితం అదనంగా రాసి తెస్తే చూస్తారా?

చివరి ప్రశ్నకు "తెమ్మనండి" అన్నారంటే సగం పని అయిపోయినట్టే. కొందరికి ట్యూటర్ అవసరమే రాదు.

పదో తరగతి పిల్లలైతే పరీక్ష రూపం మీకు కూడా తెలిసి ఉండాలి. తెలంగాణలో 2022-23 నుంచి పది పరీక్షలు 11 పేపర్లకు బదులు 6 సబ్జెక్టులకు జరుగుతున్నాయి. ఆ పద్ధతిలో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు బడిలో మధ్యమధ్యలో జరిగే ఎఫ్‌ఏలకు (చిన్న అంచనా పరీక్షలకు). ఆ 20లోనూ నోట్‌బుక్ రాతలు, ప్రాజెక్టు, చదివినదానిపై సొంత మాటల్లో రాసే ప్రతిస్పందన ఉంటాయి. అంటే రాయడం వస్తే రెండు చోట్లా పనికొస్తుంది. మార్కుల పద్ధతి మీద ప్రభుత్వం మధ్యలో మార్పులు ఆలోచించింది కాబట్టి ఈ ఏడాదికి ఏది నడుస్తుందో బడిలోనే ఖాయం చేసుకోండి. సీబీఎస్ఈ బడి అయితే నమూనా వేరు. ట్యూటర్‌కు ఆ సంగతి మొదటే చెప్పాలి.

మన బడి సార్‌నే ట్యూషన్ చెప్పమని అడగొచ్చా? అడగకండి. విద్యాహక్కు చట్టం, 2009లోని 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. మీరు అడిగి ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకు? "రిటైరైన మీ సార్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకే మంచి పేర్లు బయటకొస్తాయి.

## 3. ఎక్కడ వెతకాలి

కరెంటు స్తంభాల మీది పోస్టర్లను చివరికి ఉంచండి. "ఆల్ సబ్జెక్ట్స్" అని రాసుంటే అందులో వ్యాసం ఉండదనే అనుకోండి.

రిటైరైన తెలుగు పండిట్లు, ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్లు. నా ఓటు మొదట వీళ్లకే. వేల కాగితాలు దిద్దిన చెయ్యి. పిల్లలు ఎక్కడ తప్పుతారో చూడకుండానే చెబుతారు. ఒక్కటే చూసుకోవాలి: కొందరు గ్రాంథికం వైపు లాగుతారు, పద్యం కోట్ చేయకపోతే వ్యాసమే కాదంటారు. డెమోలో అది తెలిసిపోతుంది.

పీజీ, బీఈడీ, డైట్ (టీచర్ ట్రైనింగ్) విద్యార్థులు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ, మెట్టుగడ్డ డైట్ కాలేజీ వైపు వాకబు చేయండి. తెలుగు, ఇంగ్లిష్ చదివేవాళ్లను, టీచింగ్ ప్రాక్టీసుకు బడులకు వెళ్లివచ్చినవాళ్లను అడగండి. పిల్లలతో తొందరగా కలిసిపోతారు. వాళ్ల పరీక్షలప్పుడు క్లాసులు ఆగుతాయి.

గ్రంథాలయంలో చదువుకునేవాళ్లు. జిల్లా కేంద్ర గ్రంథాలయం రీడింగ్ రూంలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే నిరుద్యోగ యువతను ఎవరూ ట్యూటర్లుగా ఆలోచించరు. గ్రూప్-1 మెయిన్స్‌లో 150 మార్కుల జనరల్ ఎస్సే పేపర్ ఉంటుంది. దానికి నిజంగా తయారైనవాళ్లు పాయింట్లు వేసుకోవడం, పేరా కట్టడం, టైంలో ముగించడం రోజూ చేసినవాళ్లు. భాషా పండిట్ పోస్టుకు డీఎస్సీ చదివేవాళ్లూ అక్కడే దొరుకుతారు. నోటిఫికేషన్ పడిందంటే వెళ్లిపోతారు కాబట్టి "కనీసం రెండు నెలలు" అని ముందే మాట తీసుకోండి.

ఆన్‌లైన్. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ దిక్కు ఊళ్లలో ఉండేవాళ్లకు ఇదే దారి కావచ్చు. వీడియోలో పాఠం చెప్పేవాళ్లు కాదు, పిల్లలు రాసిన కాగితం ఫొటో తీసి పంపితే దిద్ది తిరిగి పంపేవాళ్లు కావాలి. ఆ ఒక్కటీ లేకపోతే ఆన్‌లైన్ క్లాసు టీవీ చూసినట్టే.

టౌనుకు పంపేట్టయితే అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ప్రయాణం ఉచితం. తిరుగు బస్సు ఎన్నింటికో చూసుకున్నాకే క్లాసు టైం ఒప్పుకోండి. గురుకులాల్లో, కేజీబీవీల్లో ఉండే పిల్లలకు దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులే దిక్కు. వాళ్లకు నెల లెక్క కాకుండా "ఇన్ని వ్యాసాలు" అని మాట్లాడుకోవడం నయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జూన్‌లో బళ్లు తెరిచిన నెలలో మొదలైతే తీరిగ్గా సాగుతుంది. పదో తరగతికి దసరా సెలవులు ఆఖరి మంచి అవకాశం. ఆ తర్వాత బడిలోనే పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలవుతాయి, పిల్లలు ఇంటికి చేరేసరికే పొద్దుగూకుతుంది. నిజానికి దీనికి సరైన తరగతి ఎనిమిది లేదా తొమ్మిది. పదిలో జనవరిలో వచ్చి "వ్యాసం నేర్పండి" అంటే ఏ సారైనా చేయగలిగింది కొంతే.

## 4. ఫోన్‌లో ఐదు నిమిషాలు

మొదటి ఫోన్‌లో ఫీజు మాట తేవద్దు. ఇలా మొదలుపెట్టండి: "నమస్తే సార్, మా అమ్మాయి తొమ్మిదో తరగతి, జడ్పీ హైస్కూల్. మాట్లాడుతుంది గాని రాయలేకపోతోంది. మీరు వ్యాసం ఎట్లా నేర్పుతారో తెలుసుకుందామని చేశాను."

తర్వాత ఇవి అడగండి:

- వారానికి ఎన్ని కాగితాలు రాయిస్తారు సార్?
- ఎవరు దిద్దుతారు? మీరేనా?
- దిద్దాక మళ్లీ రాయిస్తారా?
- బ్యాచ్‌లో ఎంతమంది?
- మీ దగ్గర నేర్చుకున్న పిల్లల నోట్‌బుక్ ఒకటి చూడొచ్చా?

"ముఖ్యమైన ఇరవై వ్యాసాలు నోట్స్ ఇస్తాను, బట్టీ పడితే చాలు" అనే జవాబు వస్తే మర్యాదగా ఫోన్ పెట్టేయండి. గైడు కూడా అదే పని చేస్తుంది, ఫీజు లేకుండా. బ్యాచ్‌లో ఐదారుగురి కంటే ఎక్కువ ఉంటే కాగితాలు దిద్దడం వారం రోజుల్లోనే మూలపడుతుంది.

## 5. డెమో క్లాసు: అసలు పరీక్ష ఇక్కడే

మీరు దాచిన కాగితం ఇప్పుడు తీయండి. డెమోకు వచ్చిన సార్ చేతిలో పెట్టి, పక్క గదిలో కూర్చోండి. చెవి ఇటు పెట్టండి. డిగ్రీలు, అనుభవం, గత ఏడాది ర్యాంకులు అన్నీ తర్వాత. ఈ ఒక్క కాగితంతో ఆయన ఏం చేస్తారన్నదే నేను లెక్కలోకి తీసుకుంటాను.

ఉదాహరణకు పాప "మా వాడకు నీళ్లు" అనే అంశం మీద ఇలా రాసిందనుకోండి:

"నీరు మనిషికి చాలా అవసరం. నీరు లేనిదే జీవం లేదు. కాబట్టి నీటిని పొదుపుగా వాడాలి. నీటిని కాపాడుకోవడం మనందరి బాధ్యత."

తప్పులు లేవు. కానీ ఇందులో వాడా లేదు, పాపా లేదు. ఒక రకం ట్యూటర్ దీన్ని చూసి, కొట్టేసి, తనే చక్కటి పేరా చెప్పి రాయిస్తారు. అది చూడ్డానికి బాగుంటుంది. మీరు కూడా సంతోషిస్తారు. వచ్చే వారం ఇంకో అంశం ఇస్తే పాప మళ్లీ మొదటికే వస్తుంది.

రెండో రకం ట్యూటర్ పెన్ను పక్కన పెట్టి అడుగుతారు: "నల్లా ఎన్నింటికి వస్తుందమ్మా? రాని రోజు ఏం చేస్తారు? మీ తాత చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడు?" పాప నోటితో చెబుతుంది. "ఇప్పుడు చెప్పావు కదా, అదే రాయి" అంటారు. పది నిమిషాల తర్వాత కాగితం ఇలా ఉండొచ్చు:

"మా వాడకు మిషన్ భగీరథ నల్లా పొద్దున వస్తుంది. రాని రోజు అమ్మ బోరు దగ్గరికి బిందె తీసుకుని పోతుంది. కానీ ఆ నీళ్లు వంటకు వాడదు. ఆ బోరు నీళ్లు తాగే తాతయ్య మోకాళ్లు వంగకుండా పోయాయని నానమ్మ చెబుతుంది."

ఇంకా మంచి ట్యూటర్ అయితే ఇక్కడితో ఆగరు. "ఆ నీళ్లలో ఏముందో కనుక్కుని రా" అని పంపిస్తారు. అలా మోకాళ్లు పట్టేయడానికి కారణం ఫ్లోరైడ్ కావచ్చు. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం చెబుతుంది. పాప ఆ అంకె తెచ్చి తాతయ్య మోకాళ్ల వాక్యం తర్వాత పెడితే, అంకెకు అక్కడ పని ఉంటుంది. అదే అంకెను మొదటి పేరాలో అతికిస్తే గైడు వాసన కొడుతుంది. ఆ తేడా పిల్లలకు తెలియజెప్పడమే మీరు డబ్బు కట్టే చదువు.

డెమో అయ్యాక ఈ చెక్‌లిస్టు చూసుకోండి:

☐ పిల్లలతో ఎక్కువ మాట్లాడించారా, తానే ఎక్కువ మాట్లాడారా?
☐ కాగితంలో బాగున్న ఒక వాక్యాన్నైనా చూపించారా?
☐ అన్ని తప్పులకూ ఎర్రగీతలు కొట్టారా, ఒకటి రెండు రకాల తప్పులు ఎంచుకున్నారా? ఎంచుకున్నవాళ్లే నయం.
☐ ఒక్క పేరా అయినా పిల్లల చేతనే తిరిగి రాయించారా?
☐ తనకు తెలియని సంగతి వస్తే "చూసి చెబుతాను" అన్నారా?
☐ వెళ్లేటప్పుడు వచ్చే క్లాసుకు ఏం రాసుకు రావాలో చెప్పారా?

నాలుగింటికి సరైన జవాబు వస్తే మాట ఖాయం చేసుకోండి. పిల్లలను కూడా అడగండి. "సార్ మంచిగున్నారు" అనే జవాబుతో సరిపెట్టుకోక, "ఇవాళ ఏం మార్చావు?" అని అడిగితే సంగతి తెలుస్తుంది.

## 6. ఫీజు, టైం, జాగ్రత్తలు

ఫీజు ఊరిని బట్టి, బ్యాచ్‌ను బట్టి మారుతుంది. ముగ్గురిని అడిగితే మీ ఊళ్లో నడిచే ధర తెలుస్తుంది. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి దిద్దే టైం కూడా పనే. ఆ టైం కలిపి అడిగితే ఫీజు కొంచెం ఎక్కువైనా బేరం ఆడకండి. బేరంలో మొదట తెగేది ఆ దిద్దుబాటే.

ముందే తేల్చుకోవలసినవి:

- వారానికి రెండు రోజులు, గంట నుంచి గంటన్నర. రోజూ అక్కర్లేదు. రాయడానికి మధ్యలో ఖాళీ ఉండాలి.
- నెల నెలా చెల్లింపు. ఏడాది మొత్తం ముందే కట్టొద్దు.
- పండగలు, పరీక్షలు, బడి స్పెషల్ క్లాసుల వారాల్లో ఏం చేస్తారు?
- బడి ప్రాజెక్టు పనులు ట్యూటర్ రాసివ్వరు. ఈ మాట మీరే అనండి, ఆయనకూ హాయి.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం వద్దు. క్లాసు ముందు గదిలోనో వరండాలోనో, తలుపు తెరిచి. ఎవరి ఇంట్లో జరిగినా ఇంకో పెద్దవాళ్లు ఉండాలి. వాట్సాప్ మెసేజీలు తల్లి లేదా తండ్రి ఫోన్‌కే రావాలి. ట్యూటర్ గురించి ఇంతకుముందు పిల్లల్ని పంపిన ఒకరిద్దరు తల్లిదండ్రులతో మాట్లాడండి. పిల్లలు "ఆ సార్ దగ్గరికి పోను" అంటే మొదట కారణం వినండి, ఆ తర్వాతే బద్ధకమో కాదో తేల్చండి. ఏదైనా తేడా అనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

## 7. మొదటి రెండు నెలలు ఎలా సాగాలి

ఈ వరుసను ట్యూటర్‌తో కలిసి కూర్చుని మాట్లాడుకోండి. ఆయనకు ఇంకో పద్ధతి ఉంటే వినండి. రాత, దిద్దుబాటు, తిరగరాత అనే మూడూ అందులో ఉంటే చాలు.

మొదటి రెండు వారాలు: వ్యాసం వద్దు, పేరాలే. చూసింది, విన్నది ఎనిమిది పది వాక్యాల్లో. ఇంటి ముందు చెట్టు, బస్టాండు, అంగట్లో బేరం.

మూడు, నాలుగు వారాలు: రాయడానికి ముందు ఐదు నిమిషాలు పాయింట్లు. పదో పన్నెండో రఫ్‌గా వేసి, పనికిరానివి కొట్టేసి, మిగిలినవాటికి వరుస నంబర్లు. ఎక్కువమంది పిల్లలు మారేది ఇక్కడే, తొందరపడి దాటించొద్దు. కొట్టేయడం నేర్చుకోవడం వేసుకోవడం కంటే కష్టం.

ఐదు, ఆరు వారాలు: పూర్తి వ్యాసం. మొదటి పేరాలో నేరుగా విషయంలోకి రావడం. "ఆధునిక యుగంలో..." అనే మొదలు ఎక్కడ కనబడినా కొట్టేయించండి. మధ్య పేరాల్లో ఒక్కోదానికి ఒక్క సంగతి. చివరి పేరాలో పైన రాసిందే మళ్లీ రాయకుండా, ఏం చేయొచ్చో ఒక పని చెప్పడం.

ఏడో వారం: లేఖ, కరపత్రం, సంభాషణ, డైరీ. వ్యాసం వచ్చినవాళ్లకు ఇవి తేలిక. లేఖలో తేదీ, చిరునామా, సంబోధన, సంతకం ఎక్కడ రావాలో ఒక్కసారి పట్టుబడితే చాలు.

ఎనిమిదో వారం: గడియారం పెట్టి రాయడం. పాయింట్లకు ఐదు, రాతకు పదిహేను, చదువుకుని దిద్దుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు. ఆ రోజే మొదటి ఆదివారం ఇచ్చిన అంశాన్ని మళ్లీ ఇవ్వండి. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూడండి. సంగతులు పెరిగాయా, పేరాలు విడిపోయాయా, అవే తప్పులు మళ్లీ వచ్చాయా? తేడా కనబడకపోతే ట్యూటర్‌తో ఆ రెండు కాగితాలు పెట్టుకునే మాట్లాడండి. మంచివాళ్లు నొచ్చుకోరు.

## 8. తరచుగా జరిగే తప్పులు, వాటికి మందు

నోట్‌బుక్ నిండా అందమైన వ్యాసాలు, పరీక్షలో మార్కులు రావు. ట్యూటర్ చెప్పి రాయిస్తున్నారు. ఇక నుంచి కొట్టివేతలున్న రఫ్ కాగితం కూడా చూపించమనండి. రఫ్ లేని ఫెయిర్ కాపీని నమ్మకండి.

ఫోన్‌లో ఏఐతో రాయించుకుని దించేయడం. ఇప్పుడు ఇది ఊరూరా ఉంది. తిట్టడం వల్ల లాభం లేదు. కాగితం పక్కన పెట్టి "ఈ పేరాలో ఏం రాశావో నోటితో చెప్పు" అనండి. చెప్పలేకపోతే ఆ పేరా తీసేసి మళ్లీ రాయించండి. రాత పని ట్యూటర్ ముందే చేయించడం ఇంకా మంచిది. రాశాక తప్పులు చూపించమని ఫోన్‌ను అడగడం వేరు, దానికి అడ్డు చెప్పక్కర్లేదు.

ప్రతి వ్యాసానికీ ఒకే సూక్తి, ఒకే పద్యం. ఎక్కడ పడితే అక్కడ అతికిస్తున్నారు. నెల రోజులు సూక్తులు బంద్ చేయించండి. వాటి చోట ఊళ్లో చూసిన ఒక సంగతి రాయమనండి.

కాగితం మొత్తం ఎరుపు. పిల్లలు భయపడి చిన్న చిన్న వాక్యాలకు దిగిపోతారు. "ఈ వారం ఒత్తులు మాత్రమే చూడండి సార్" అని అడగొచ్చు. తప్పేమీ లేదు.

ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగు వ్యాసం ఎందుకని వదిలేయడం. రెండు భాషల్లోనూ పెద్ద ప్రశ్నలుంటాయి. పాయింట్లు, వరుస తెలుగులో పట్టుబడితే ఇంగ్లిష్‌కూ అవే పనికొస్తాయి, అక్కడ మిగిలేది భాష ఒక్కటే. సంగతి తోచని పిల్లలకు మొదట తెలుగులో చెప్పించి ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయించే ట్యూటర్ దొరికితే వదలొద్దు.

మూడు వారాలకే ట్యూటర్‌ను మార్చడం. రాత మారడానికి ఆ మాత్రం టైం చాలదు. ఎనిమిదో వారం దాకా ఆగండి. కాగితాలు దిద్దడం లేదని తెలిసిందా, అప్పుడు మాత్రం ఆ వారమే మాట్లాడండి.

నాలుగు ట్యూషన్ల మధ్య ఇదొకటి ఇరికించడం. రాత్రి తొమ్మిదికి అలసిపోయి కూర్చున్న పిల్లలకు రాయడానికి ఏమీ తోచదు. ఒక ట్యూషన్ తగ్గించండి, లేదా దీన్ని ఆదివారం పొద్దునకు మార్చండి.

## 9. ట్యూటర్ దొరకకపోతే

చిన్న ఊళ్లో ఎవరూ దొరక్కపోవచ్చు. అప్పుడు ఒకే తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురిని వారానికి ఒకసారి కూర్చోబెట్టండి. ఒకే అంశం మీద అందరూ రాసి, కాగితాలు మార్చుకుని చదవాలి. ఒక్కొక్కరు అవతలివాళ్ల కాగితం మీద ఒక ప్రశ్న రాయాలి. ఆ ప్రశ్నకు జవాబు చేర్చి తిరగరాయాలి. నెలకోసారి ఆ కాగితాలు బడి సార్‌కు చూపించండి.

మండల గ్రంథాలయం ఉంటే వారానికి ఒకసారి పంపండి. దినపత్రికలో ఎడిటోరియల్ పేజీ వ్యాసం ఒకటి చదివి, పేరాకు ఒక్క వాక్యం చొప్పున ఏం చెప్పారో రాసుకు రమ్మనండి. వరుస ఎలా కడతారో దాంతో అర్థమవుతుంది.

మీకు చదువు రాకపోయినా ఇందులో మీ పని ఉంది. రాత్రి తిన్నాక కాగితం పైకి చదివించండి. వింటూ మూడే ప్రశ్నలు: "ఇది ఎక్కడ జరిగింది? ఎవరు చెప్పారు? తర్వాత ఏమైంది?" జవాబు కాగితంలో లేకపోతే, దాన్ని రాయించి మళ్లీ చదవమనండి.